ఒకటి అనకముందే నవ్విన వీరుడు

ప్రాగ్దిశన బాలభానుడు కిరణశరపరంపరలతో మేడకిటికీల తుప్పు ఊచలను భేదించుచుండగా, పాలసైకిళ్ళ గంటలు జయభేరులై మ్రోగుచుండగా, వినండి నాయనలారా, వీధిమలుపు మేడ మీద హాసవ్యాయామ సంఘమను మహాసైన్యము చాపలు పరచుకొని వ్యూహము తీరినది.

ఆ సంఘధర్మమొక్కటే. అధ్యక్షుడు దక్షిణహస్తమెత్తి "ఒకటీ" అన్నంతనే నవ్వవలెను. చెయ్యి దించగానే మూతులు బిగించవలెను. ఆజ్ఞ లేని నవ్వు అచట మహాపాతకము.

ఆ పాతకము చేసినవాడే మన కథానాయకుడు, సూక్ష్మచక్రకోవిదుడు, కంట భూతద్దము ధరించిన ధీరుడు, ఆ మేడ క్రిందనే కొట్టున్న గడియారాలవాడు. ఒకానొక ఉదయమున, సింహమువలె నోరు బార్లా తెరచి నవ్వు పాఠమున, అధ్యక్షుని కట్టుడుపళ్ళ సెట్టు ధనుర్విముక్తబాణమై ఎగిరి చాపపై వాలినది. సైన్యమంతయు ఆజ్ఞకై ఊపిరి బిగబట్టగా, మనవాడొక్కడే పొట్ట పట్టుకొని పకపక నవ్వినాడు. అంతే, సంఘములోనుంచి పేరు కొట్టివేసినారు. ఇంతకీ ఆ అధ్యక్షుడు ఎవరనుకున్నారు? బడిలో పంతులుగా చేసి దిగిపోయినవాడు, స్వయానా మన వీరుని బావమరిది!

నాటినుండి బావ ఆ మెట్లెక్కలేదు, బావమరిది ఈ గడప తొక్కలేదు. నడుమ నలిగినది ఇల్లాలు. ప్రతి ఉదయమూ పైకప్పునుండి నవ్వులు పిడుగులై రాలుచుండగా, క్రింద ఆ వీరుడు పెదవి కొరుకుకొని, పట్టుకారు జారగా, గడియారపు మరలను నేలపాలు చేయుచుండెను. ఇంట గోడకేసి ఒంటరిగా నవ్వి చూచినాడు గాని, పాపం, అది దగ్గై ముగిసినది.

తుదకు ఇల్లాలే కొంగు బిగించినది.

"రేపు పొద్దున మీరిద్దరూ తేల్చుకోండి. లేదంటే నేనే ఆ మెట్ల మీద కూర్చుని ఏడుస్తా. అప్పుడు నవ్వుకోండి, మీ ఇష్టం!"

మరునాడు వీరులిద్దరూ చాపల నడుమ ఎదురెదురుగా నిలిచినారు. ఇల్లాలు మధ్యన, సైన్యము చుట్టూ.

"క్షమాపణ చెప్పు బావా! నువ్వు నవ్వింది నా పళ్ళని చూసి కాదు, క్రమశిక్షణని చూసి!" అని అధ్యక్షుడు గర్జించెను.

"ఒరేయ్, నీ పళ్ళే నన్ను చూసి ఇకిలిస్తుంటే, తిరిగి నవ్వకపోతే మర్యాదేనా?"

"విన్నావా అక్కా! కొంచెమైనా దిగొచ్చాడేమో చూడు!"

"నువ్వు మాత్రం దిగొచ్చావా? నోళ్ళు మూసుకోండిరా ఇద్దరూ!" అన్నదామె. కోపములో భర్తను కూడా "రా"లో కలిపేసినది.

సభ ప్రళయసముద్రమువలె ఘోషించినది. ఆ కలకలము నణచనెంచి, అధ్యక్షుడు కుడిచెయ్యెత్తి "ఒకటి చెప్తాను వినండి" అనబోయెను. "ఒకటి" అన్నంతవరకే నోటినుండి వెలువడినది.

హో హో హా హా! అలవాటు పడిన ప్రాణాలు కదా, సైన్యమంతా ఒక్కపెట్టున నవ్వినది.

"కాదు కాదు! ఒకటి చెప్తానంటే..."

హో హో హా హా! ఇంకా గట్టిగా.

మన వీరుడు మాత్రము నవ్వలేదు. పేరు లేనివాడికి ఏ ఆజ్ఞ వర్తించును? దవడలు బిగించి, కన్నీరు గ్రుక్కుకొని కొండవలె నిలిచినాడు. ఆ మొహం చూచి, ఎవరి ఆజ్ఞయు లేకయే, అధ్యక్షునికే నవ్వు పొంగుకొచ్చినది!

"బావా... పళ్ళు... పట్టుకో!"

ఎగిరినది దంతాస్త్రము. చీమతలంత మరలను ఒడిసిపట్టు ఆ హస్తము, దానిని నేల తాకనీయక గాలిలోనే అందుకొన్నది.

"నఫ్ఫు బాఫా, నఫ్ఫు!" అన్నాడు బోసినోటి అధ్యక్షుడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఇక ఆగునా! ఇన్నాళ్ళు కడుపులో కట్టిపెట్టిన నవ్వు వరదై పారినది. ఇల్లాలు కొంగు నోట కుక్కుకొని చాప మీదే కూలబడినది. ఆ పూటే తమ్ముడు అక్క గడప తొక్కినాడు.

సంధి యిట్లు కుదిరినది: "ఒకటి" అనుటకు అర ఊపిరి ముందే నవ్వు హక్కు బావది, ప్రతిగా, పళ్ళు అందునంత దూరములో ఆయన చాప వేయవలెను.

ఈ విధముగా ఆ మహావీరుడు అర ఊపిరి మేర సామ్రాజ్యమును జయించి, మూరెడు చాప సింహాసనముపై పట్టాభిషిక్తుడాయెను. పళ్ళు మాత్రము, అమ్మలారా, కడిగే ఇచ్చినాడు.