ముక్కు మూసుకుని రాయవలసిన పరీక్ష

ఒక పెద్ద అడవిలో, మద్దిచెట్ల నీడన ఒక బడి ఉండేది. అందులో పరుగు, ఈత, దాక్కోవడం, వాసనలు అని సబ్జెక్టులు. పరుగంటే పిల్లలు పడిచచ్చేవాళ్ళు. ఈతంటే సరదా. దాక్కోవడం క్లాసులో ఎవరూ కనిపించరు గనక హాజరు వేయడం కష్టమయ్యేది గానీ, దానిమీదా ఎవరికీ ఫిర్యాదు లేదు. వాసనలంటే మాత్రం ఒక్కరికీ గిట్టదు.

ఆ సబ్జెక్టు చెప్పేది బంటయ్య మాస్టారు. జాతికి ఎలుగుబంటి, మనిషి మెత్తన అనడానికి వీల్లేదు గనక, మనసు మెత్తన. అడవి మొత్తానికి ఆయనంత ముక్కున్నవాడు లేడు. అయితే క్లాసులో ఆ ముక్కుతో పనిలేదు. విద్యాశాఖవారు పంపిన పాఠాన్ని వల్లె వేయించడమే ఆయన ఉద్యోగం.

"పులి వాసన ఎట్టిది?" అని అడిగేవాడు మాస్టారు.

"ఘాటైనది, గాలివాటున వచ్చునది!" అని పిల్లలంతా ఆవలిస్తూ అరిచేవాళ్ళు.

"పుట్టగొడుగు వాసన ఎట్టిది?"

"మన్నువంటిది!"

"మన్ను వాసన ఎట్టిది?"

"పుట్టగొడుగువంటిది!"

చుక్కి అనే జింకపిల్ల ఒకరోజు లేచి నిలబడింది. "మాస్టారూ, ఒక నిజం పుట్టగొడుగు తెచ్చి చూపించకూడదా?"

"సిలబస్ వెనకబడుతుందమ్మా, కూర్చో" అన్నాడు మాస్టారు. ఆ మాట అన్నందుకు ఆయనకే సిగ్గేసింది. కానీ ఉద్యోగం ఉద్యోగమే.

ఇలా ఉండగా విద్యాశాఖ నుంచి తనిఖీకి నక్క దొరగారు వచ్చారు. పిల్లల మనసుకు నచ్చని చదువు చెప్పడం మహాపాపమని ఆయనకు ఈమధ్యే ఎక్కడో తెలిసిందట. పిల్లలందర్నీ మైదానంలో నిలబెట్టి, నచ్చని సబ్జెక్టు పేరు రాగానే తోకలెత్తమన్నారు.

పరుగుకు ఎవరూ ఎత్తలేదు. ఈతకు పిల్లిపిల్ల ఒక్కటే ఎత్తింది. వాసనలు అనగానే మైదానమంతా తోకలే. తోక ఉందో లేదో తెలియని కుందేలుపిల్ల కూడా వెనక్కి తిరిగి నిలబడింది.

"చూశారా హెడ్మాస్టారూ! ప్రజాస్వామ్యం!" అన్నాడు నక్క.

"చూశాను సార్" అన్నాడు హెడ్మాస్టరు కొంగ, ఒంటికాలి మీద వినయంగా. పైఅధికారి ముందు రెండో కాలు దించే అలవాటు ఆయనకు లేదు.

వాసనల సబ్జెక్టు ఆ పూటే రద్దయింది. బంటయ్య మాస్టారికి గంటకొట్టే పని ఇచ్చారు. మర్నాటి నుంచి పిల్లలు ఆయన్ని "గంటతాత" అనడం మొదలుపెట్టారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, పిల్లలు. కానీ ఇన్నేళ్ళుగా చెవినపడ్డ "మాస్టారూ" అన్న పిలుపు ఇక లేదనుకుంటే ఆయనకు ఏడుపొచ్చింది. వాగు ఒడ్డుకు పోయి, ఎవరూ చూడకుండా ఏడిచాడు కూడా.

గంటకీ గంటకీ మధ్య చేయడానికి ఏమీ లేక, ఒడ్డున కూర్చుని ముక్కు ఎత్తి గాలి పీల్చేవాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి అది.

ఒకరోజు చుక్కి అటుగా వచ్చింది. "తాతా, ఏం చేస్తున్నావు?"

"ఏముందమ్మా, ఊరికే. కొండ అవతల వాన పడింది. ఇప్పపూలు రాలుతున్నాయి. మీ అమ్మ పొద్దున ఉసిరికాయలు తిని నీకు పెట్టలేదు."

చుక్కి నోరు తెరిచింది. "పెట్టలేదు! నీకెట్లా తెలుసు?"

"కళ్ళు మూసుకో. నిమ్మళంగా పీల్చు. ముందు నీళ్ళ వాసన తీసి పక్కన పెట్టు. తరవాత ఆకులది తీసేయి. ఇంకేం మిగిలింది?"

చుక్కి చాలాసేపు పీల్చింది. "ఏదో పుల్లగా... చీమలు!"

"చీమలే" అన్నాడు మాస్టారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన అంత సంతోషపడ్డది ఎప్పుడూ లేదు.

మర్నాడు చుక్కి వెంట కుందేలుపిల్ల వచ్చింది. ఆ తరవాత అడవిపంది వాళ్ళ బుడ్డోడు వచ్చాడు. క్రమంగా పరుగు క్లాసు ఎగ్గొట్టి మరీ రావడం మొదలుపెట్టారు. వల్లె వేయడం లేదు, మార్కులు లేవు. తప్పు చెబితే అందరూ నవ్వేవాళ్ళు, చెప్పినవాడితో సహా. మళ్ళీ "మాస్టారూ" అన్నది ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఆయన వినీ విననట్టు ఉండి లోపల పొంగిపోయాడు.

ఒకనాడు చుక్కి వాగు నీళ్ళ వాసన చూసి, ఎగువన ఏదో చచ్చి కుళ్ళుతోంది, తాగొద్దని వాళ్ళమ్మను ఆపింది. వాళ్ళమ్మ వెళ్ళి చూస్తే నిజమే. ఇంకేం, తల్లి జింక ఆ సంగతి ఊరూవాడా చెప్పుకుంది. ప్రతి ఇంటా "మా పిల్లకూ వాసనలు కావాలి" అని గొడవ.

నక్క దొరగారు పరుగున వచ్చారు. "ఇంత గొప్ప సబ్జెక్టును తీసేసిన మూర్ఖుడెవరు?"

"తమరే సార్" అన్నాడు కొంగ.

"సరే, అది గతం. ఇకనుంచి అన్నిటికన్నా ముఖ్యమైన సబ్జెక్టు ఇదే. వారం వారం పరీక్ష. ర్యాంకులు. మాస్టారికి పూలదండ!"

బంటయ్య మాస్టారు దండ వేయించుకున్నాడు. వద్దనాలని ఒక్క క్షణం అనిపించింది. కానీ దండ మెడలో పడ్డాక వద్దనడం ఎవరి తరం?

పాత పాఠం రెండింతలై తిరిగొచ్చింది. దానితో ఒక కొత్త నిబంధన కూడా వచ్చింది. పరీక్షలో వాసన చూస్తే కాపీ కొట్టినట్టే. కాబట్టి అందరూ ముక్కుల్లో బంకమట్టి పెట్టుకోవాలి. ముక్కు తెరిపించిన పంతులు ఉద్యోగం ఊడుతుంది. బంకమట్టి కాంట్రాక్టు నక్క బావమరిదిది.

నెల తిరిగేసరికి చుక్కి బడి పేరు చెబితే కడుపునొప్పి అనసాగింది. కుందేలుపిల్ల నిద్రలో "మన్నువంటిది, మన్నువంటిది" అని కలవరించేది. బుడ్డోడికి మాత్రం మొదటి ర్యాంకు వచ్చింది. వాడిప్పుడు ఎవరితోనూ మాట్లాడడం లేదు.

పెద్ద పరీక్ష రోజు వచ్చింది. పిల్లలు వరసగా కూర్చుని ఆకుల మీద గిట్టలతో, గోళ్ళతో గీకుతున్నారు. మొదటి ప్రశ్న, పులి వాసన ఎట్టిది? వాళ్ళ వెనక నిలువెత్తు గడ్డి. ఎదురుగా నక్క, కొంగ. అందరి ముక్కుల్లోనూ మట్టే. మాస్టారి ముక్కు మరీ పెద్దదవడంతో కాంట్రాక్టరు అరకొరగా పెట్టాడు. అది ఎండి, పగిలి, కాస్త సందు పడింది.

ఆ సందులోంచి ఘాటైనది, గాలివాటున వచ్చునది ఒకటి లోపలికొచ్చింది.

మాస్టారు చటుక్కున గడ్డి వైపు చూశాడు. ఏమీ కదలడం లేదు. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది, దండ పోతుంది, మళ్ళీ గంట కూడా ఇవ్వరు. ఆయన చుక్కి వైపు చూశాడు. చుక్కి తల వంచుకుని "ఘాటైనది" అని చక్కగా రాస్తోంది. ఏ పొరపాటూ లేకుండా రాస్తోంది. ఆ చక్కదనం చూసి ఆయన గుండె కలుక్కుమంది.

"మట్టి తీసేయండి! ముక్కులు తెరవండి!" అని గావుకేక పెట్టాడు.

"కాపీ! కాపీ కొట్టిస్తున్నాడు!" అని నక్క అంతకన్నా పెద్దగా అరిచాడు.

పిల్లలు మట్టి చీదేశారు. ఒక్క పీల్పుకే అందరికీ అర్థమైంది. క్షణంలో మైదానం ఖాళీ. బుడ్డోడు మాత్రం కదలలేదు. "ఇంకా ఒక్క ప్రశ్న ఉంది మాస్టారూ" అన్నాడు. మాస్టారు వాణ్ణి మెడ పట్టుకుని ఎత్తి, చంకన పెట్టుకుని పరుగెత్తాడు. గడ్డిలోంచి దూకిన పులికి జవాబులు గీకిన ఆకులు తప్ప ఏమీ దొరకలేదు. అది వాటినే కాసేపు చూసి, చదువు రాదు గనక వెళ్ళిపోయింది.

మర్నాడు విచారణ జరిగింది. విచారణాధికారి నక్క.

"పరీక్ష జరుగుతుండగా మీరు పిల్లల ముక్కులు తెరిపించారా లేదా?"

"పులి వచ్చిందండీ."

"పులి ఈ విచారణ పరిధిలో లేదు. తెరిపించారా?"

"తెరిపించాను."

హెడ్మాస్టరును సాక్ష్యం అడిగితే, తాను ఆ సమయంలో ఒంటికాలి మీద ఉన్నానని, మిగతాది గమనించలేదని చెప్పాడు. సామూహిక కాపీ జరిగినట్టు తేలింది. బంటయ్య మాస్టారికి ఉద్యోగం పోయింది. ఇంత కాపీకి వీలున్న సబ్జెక్టు ప్రమాదకరమని, వాసనలను బడి నుంచి శాశ్వతంగా తీసేశారు.

మర్నాటి పొద్దున మాస్టారు వాగు ఒడ్డున ఒంటరిగా కూర్చున్నాడు. వెనక ఆకులు గలగలమన్నాయి. తిరిగి చూడకుండానే ఎవరెవరు వచ్చారో ఆయనకు తెలిసింది. బుడ్డోడు కూడా వచ్చాడు.

"మాస్టారూ, ఇవాళ గాలి ఎటునుంచి?" అంది చుక్కి.

"నేనిప్పుడు మాస్టారిని కానమ్మా."

"తెలుసు. అందుకే వచ్చాం" అంటూ చుక్కి కూర్చుని కళ్ళు మూసుకుంది.

నీతి: పిల్లలకు ఒక విద్య బాగా అబ్బాలని ఉంటే, ముందు దాన్ని బడిలోంచి తీసేయించండి.