ఊదే గిటారు

గిటారు లేని సంగీతం విని సభ్యులెవరూ ఆనందించరాదని గిటారు వాద్యకారుల సంఘం సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. వినడం మీద నిషేధం లేదు. చెవులకు రెప్పలుండవన్న సంగతి సంఘం దృష్టిలో ఉంది. నిషేధమల్లా ఆనందించడం మీదనే. తప్పనిసరై విన్నప్పుడు సభ్యుడు ముఖాన్ని మామూలుగా ఉంచుకోవాలి. కాలితో తాళం వేయరాదు. ఇంటికి పోయాక కూనిరాగం తీయరాదు.

తీర్మానానికి కారణం లేకపోలేదు. ఒక సభ్యుడి ఇంట విందు జరిగినప్పుడు ఎవరో చుట్టం పియానో ముందు కూర్చుని ఏదో వాయించాడు. సంఘ సభ్యులు తమ గిటార్లను సంచుల్లోంచి తీయడం కూడా మరిచి, నోళ్ళు తెరుచుకుని విన్నారు. సంఘం పరువుకు ఇంతటి భంగం కలిగిన విషయం అధ్యక్షుల వారికి వెంటనే తెలిసింది. నోళ్ళు తెరిచినవారిలో ఆయనే మొదటివారు కాబట్టి ఎవరూ చెప్పవలసిన పని లేకపోయింది.

తీర్మానాన్ని చక్కని భాషలో రాసిపెట్టినవాడు సంఘ కార్యదర్శి. ఆయన లాండ్రీ పైనున్న గదిలో గిటారు పాఠాలు చెప్పుకుని బతుకుతాడు. కింద ఇస్త్రీ ఆవిరి లేచినప్పుడల్లా పైన తీగలు శ్రుతి తప్పుతాయి. అందుచేత ఆయన పాఠంలో సగం శ్రుతి చేయడంతోనే గడిచిపోతుంది. శిష్యులు మాత్రం శ్రద్ధగా వస్తారు. తలుపు మీద ‘సంఘం గుర్తింపు పొందిన బోధకుడు’ అన్న బోర్డు ఉంది మరి. ఆ బోర్డు ఇచ్చింది అధ్యక్షుల వారు. అధ్యక్షుల వారికి గిటార్లమ్మే దుకాణం ఉంది. పైగా ఆయన కార్యదర్శి భార్యకు స్వయానా అక్క మొగుడు. తోడల్లుడి మాట కాదంటే ఇటు ఇంట్లోనూ అటు పొట్టలోనూ ఇబ్బందే గనక, కార్యదర్శికి చిన్నప్పటి నుంచీ లేని క్రమశిక్షణ సంఘంలో చేరాక అలవడింది.

తీర్మానం అమలు ప్రశంసనీయంగా సాగింది. సంఘంలో అందరికన్నా పాత సభ్యుడైన పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రి నాలుగో అంతస్తులో ఉంది. ఆ భవనం లిఫ్టులో పొద్దస్తమానం ఫ్లూటు మోగుతుంది. ఆయన నియమభంగం ఇష్టం లేక మెట్లెక్కి వెళ్ళసాగారు. కుర్చీలో నోరు తెరిచి పడుకున్న రోగులు తమ మీదికి వంగిన డాక్టరు గారి ఆయాసం విని, నొప్పి తమకా డాక్టరుకా అని తికమకపడేవారు. తక్కిన సభ్యులకు అంత ఓపిక లేదు. వాళ్ళు టీ దుకాణం ముందు ఏ పాట వినబడినా నిలబడిపోయి, “వెనకాల ఎక్కడో గిటారు ఉండే ఉంటుందండీ, శ్రద్ధగా వెతకాలి” అనేవారు. శ్రద్ధగా వెతికేవారు. పాట అయిపోయాక, బహుశా తర్వాతి పాటలో దొరకవచ్చునని ఇంకో టీ చెప్పేవారు.

ఇలా సంఘం బాగుపడుతూ ఉండగా కార్యదర్శి ఇంట్లో ఒక రహస్యం పెరుగుతూ వచ్చింది. దాని పేరు చిట్టి. ఆయన ఏకైక కుమార్తె. స్కూలు బ్యాండు బీరువాలో ఎవరూ ముట్టక దుమ్ముపట్టిన క్లారినెట్ ఒకటి ఉంటే, ఆ పిల్ల దాన్ని తెచ్చుకుని ఊదడం మొదలుపెట్టింది. మొదట్లో అది బాతుకు జలుబు చేసినట్టుండేది. అప్పుడు కార్యదర్శికి ఏ ఇబ్బందీ కలగలేదు. ఆనందించే ప్రమాదం ఏ కోశానా లేదు. చిక్కంతా ఆ పిల్లకు వాయించడం వచ్చిన తర్వాతనే వచ్చింది.

సాయంత్రం చిట్టి తన గది తలుపు వేసుకుని వాయించేది. కార్యదర్శి వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడి వినేవాడు. ఎవరైనా చూస్తారేమోనని చేతికి ఏదో ఒక పని కావాలి గనక ఉల్లిపాయలు తరిగేవాడు. ఆ పాటలో ఒకచోట స్వరం కిందికి దిగి, ఇక ఆగిపోతుందనుకున్నప్పుడు సన్నగా మళ్ళీ లేచేది. అక్కడ ఆయన కళ్ళు నిండేవి. ఉల్లిపాయలు అడ్డం ఉన్నాయి కాబట్టి నియమావళి ప్రకారం అది ఆనందం కిందికి రాదు.

“ఏమండీ, ఇంట్లో ఒక్క టీలోనే ఉల్లిపాయ వెయ్యలేదు నేను. రేపట్నుంచి దాంట్లోనూ వెయ్యమంటారా?” అంది భార్య ఒకనాడు.

“దాని చదువు పాడవుతుందేమోనని కనిపెట్టి ఉంటున్నాను” అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ.

“ఆ మాట దాంతో చెప్పండి. బాగుందని కూడా చెప్పండి. నోటి ముత్యాలేం రాలిపోవు.”

ఆయన చెప్పలేదు. చిట్టి గదిలోంచి బయటికి వస్తే, “చదువుకో” అనేవాడు. ఆ పిల్ల, “సరే నాన్నా” అనేది. అంతటితో తండ్రీకూతుళ్ళ సంగీత చర్చ ముగిసేది.

ఒక ఆదివారం వార్షికోత్సవం సంగతి మాట్లాడదామని అధ్యక్షుల వారు చెప్పాపెట్టకుండా వచ్చారు. కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పేలోగా లోపలినుంచి క్లారినెట్ మొదలైంది.

“ఏమిటది తమ్ముడూ?” అన్నారాయన.

“కుక్కర్ అన్నయ్యా” అన్నాడు కార్యదర్శి.

అధ్యక్షుల వారు చెవి ఒగ్గారు. “కుక్కర్ ఇంత శ్రుతిలో కూస్తుందా?”

“కొత్తది.”

“కుక్కరేమిటి బావగారూ! చిట్టి” అంది భార్య మంచినీళ్ళు తెచ్చి పెడుతూ. కార్యదర్శి ఆవిడ వైపు చూసిన చూపుకి గ్లాసులో నీళ్ళు మరగవలసింది గానీ మరగలేదు.

చిట్టి చేతిలో క్లారినెట్‌తోనే బయటికి వచ్చింది. “ఎప్పుడొచ్చారు పెదనాన్నా? వినపళ్ళేదు” అంది.

“మాకు వినబడిందమ్మా” అన్నారాయన గంభీరంగా. సంఘ కార్యదర్శి ఇంట్లోనే గిటారు లేని సంగీతం జరుగుతున్నందుకు అక్కడికక్కడే విచారణ సంఘం ఏర్పాటయింది. అధ్యక్షుల వారు, పళ్ళ డాక్టరు గారు అందులో సభ్యులు. నేరస్థుడు తోడల్లుడే అయినా న్యాయం న్యాయమేనని అధ్యక్షుల వారు ప్రకటించారు. కార్యదర్శికి ఆ వారమంతా అన్నం సయించలేదు. బోర్డు పోతే శిష్యులు పోతారు, శిష్యులు పోతే ఇంటద్దె ఎలా కడతామన్న బెంగ. దానికి మించిన బెంగ, ఆ పిల్ల ఊదడం మానేస్తుందేమోనని. ఈ రెండోది ఆయన ఎవరికీ చెప్పుకోలేకపోయాడు.

లాండ్రీ పై గదిలో జరిగిన విచారణ మొదటి సమావేశంలో చిట్టి ఒక పాట వాయించింది. సంఘం గంభీరంగా విన్నది. మధ్యలో ఒకచోట సరిగా అర్థం కాలేదని, విచారణ నిమిత్తం మళ్ళీ వాయించమన్నది. మళ్ళీ వాయించాక అర్థమైంది గానీ, అర్థమైనదాన్ని ధ్రువపరచుకోవడానికి ఇంకోసారి అవసరమైంది. ఆధారాలు చాలలేదని మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ తర్వాత సాక్షులు కావాలని మరికొందరు సభ్యులను పిలిపించారు. సాక్షులు తమ కుర్చీలు తామే తెచ్చుకున్నారు. న్యాయం పట్ల జనంలో ఇంతటి ఆసక్తి ఎన్నడూ చూడలేదని లాండ్రీ ఆయన కూడా ఒప్పుకున్నాడు.

చివరకు ఒక చిక్కు వచ్చిపడింది. అందరూ ఆనందించారు. డాక్టరు గారి కాలు తాళం వేస్తూ దొరికిపోయింది. అధ్యక్షుల వారు స్నానాలగదిలో కూనిరాగం తీశారని వారి ఇల్లాలు చెల్లెలికి చెప్పనే చెప్పింది. నియమం ప్రకారం అందరినీ బహిష్కరించాలి. అప్పుడు బహిష్కరించడానికి సంఘంలో ఎవరూ మిగలరు. ఇలాంటి సంకటంలోనే నాయకుడి ప్రతిభ బయటపడుతుంది. అధ్యక్షుల వారు నివేదిక వెలువరించారు:

“సదరు వాద్యము కొయ్యతో చేయబడినది. గిటారూ కొయ్యతోనే చేయబడును. సదరు వాద్యము పొడవుగా నున్నది. గిటారుకూ పొడవైన మెడ కలదు. రెంటినీ వేళ్ళతోనే నొక్కుదురు. తీగలు లేవన్న అభ్యంతరము నిలువదు. సన్నగా సాగిన గాలి తీగ వంటిదే. అది కంటికి కనబడకపోవుట చూచువారి లోపము. కావున ఇది గిటారే. ఊదే గిటారు.”

సభ్యులు కరతాళ ధ్వనులు చేశారు. గుండెల మీద బరువు దిగాక ఒక్కొక్కరే తమ ఇళ్ళలో దాచుకున్న వాటిని పరిశీలనకు తెచ్చారు. పియానో పడుకున్న గిటారని తేలింది. డప్పు, తీగలు ఇంకా రావలసి ఉన్న గిటారు. ఒక సభ్యుడు తన తల్లి పాడుతుంటే దొంగచాటుగా వింటున్నాననీ, ఆవిడ గతేమిటనీ కన్నీళ్ళతో అడిగాడు. మనిషి గొంతంటే మనిషి మింగిన గిటారేనని గుర్తించి ఆ కుటుంబాన్ని కాపాడారు. డాక్టరు గారు ఇప్పుడు లిఫ్టులోనే వెళ్తున్నారు. పైకి వెళ్ళి, మళ్ళీ కిందికి వచ్చి, మళ్ళీ పైకి వెళ్తున్నారు. రోగులు కుర్చీలో నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నారు.

వార్షికోత్సవంలో చిట్టికి ‘ఉత్తమ యువ గిటారు వాద్యకారిణి’ బహుమతి ప్రకటించారు. వేదిక మీద తగిలించుకోవడానికని అధ్యక్షుల వారు తమ దుకాణం నుంచి గిటారుకు కట్టే భుజం పట్టీని కానుకగా పంపారు. చిట్టి దాన్ని తీసుకుని లాండ్రీ పై గదికి వచ్చింది. తండ్రి తీగలు మారుస్తున్నాడు.

“నాన్నా, ఇది దేనికి కట్టుకోవాలి?”

“ఊరికే వేలాడెయ్యమ్మా. పెదనాన్న ముచ్చటపడి పంపించాడు.”

“నాది గిటారా?”

ఆయన తీగ చుట్టడంలో మునిగిపోయాడు. “వాళ్ళేదో అనుకుంటారు. అనుకోనీ. నీ సొమ్మేం పోయింది?”

“గిటారే వాయించాలనుకుంటే నీ దగ్గరే నేర్చుకునేదాన్ని కదా. నేర్చుకుంటే నువ్వు నాకు మాస్టారువైపోతావు. ఊళ్ళో పిల్లలందరికీ ఉన్నావు మాస్టారువి. నాకు నాన్న కావాలనే ఇది పట్టుకున్నాను.” చిట్టి పట్టీని బల్ల మీద పెట్టింది. “అందరూ బాగుందన్నారు. పెదనాన్న కూడా అన్నాడు. నువ్వు మాత్రం ఒక్కసారన్నా అన్లేదు.”

ఆయన ఏదో అనబోయాడు. కింద ఆవిరి బుస్సుమన్నది. మెట్ల మీద శిష్యుల అడుగులు వినబడ్డాయి. చిట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు పాఠంలో మాస్టారు ఎంతకూ శ్రుతి చేయలేకపోతే, ఆవిరి ఎక్కువైందని శిష్యులు అనుకున్నారు.

వార్షికోత్సవం హాలు నిండిపోయింది. అధ్యక్షుల వారు ప్రసంగించారు: “గిటారు విశాల హృదయం కలది! తనలో అన్నిటినీ కలుపుకొనును! ప్రపంచంలో చెవికి ఇంపైనదేదైనా అది మన గిటారు సంతానమే! చెవికి ఇంపు కానిచో, దానితో మనకేమి పని?” చప్పట్లు మోగాయి. తర్వాత బహుమతి గ్రహీతను పరిచయం చేయడం కార్యదర్శి వంతు. రాసుకొచ్చిన కాగితం ఆయన చేతిలోనే ఉంది. చిట్టి పక్కన నిలబడి ఉంది, పట్టీ లేకుండా. ఆయన కాగితం వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, కాగితాన్ని జేబులో పెట్టేశాడు.

“మా అమ్మాయి వాయించేది క్లారినెట్టండీ” అన్నాడు. “ఇందులో గిటారు లేదు. నేను చాలా రోజులు వెతికాను. ఒక్క తీగ కూడా లేదు. అయినా... నాకు చాలా ఇష్టం. బాగా వాయిస్తుంది. ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.”

చిట్టి తండ్రి వైపే చూస్తూ క్లారినెట్ ఎత్తి మొదలుపెట్టింది. సభ్యుల అవస్థ చూడవలసిందే. అది గిటారు కానట్లయితే ఆనందించరాదు. గిటారైతే ఆనందించవచ్చు. ఏదన్నది తేలే వరకు ఏం చేయాలో నియమావళిలో లేదు. కాబట్టి నడుము పైభాగం నియమాన్ని పాటించింది, పాదాలు మాత్రం కుర్చీల కింద తాళం వేసుకుంటూ పోయాయి. పాట ముగిసింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ అధ్యక్షుల వారి వైపు తిరిగారు.

ఆయన తాపీగా లేచారు. “చూశారా! తాను గిటారునన్న సంగతి కూడా మరిచిపోయేంత వినయం! ఇంతకు మించిన గిటారు వేరే ఉంటుందా?” హాలు కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు మోగాయి.

గిటారును గిటారు కాదన్న నేరానికి కార్యదర్శిని పదవి నుంచి తొలగించారు. తలుపు మీది బోర్డు ఊడదీశారు. శిష్యుల్లో సగానికి పైగా మానేశారు. మిగిలినవాళ్ళు బోర్డు చదవనివాళ్ళు. వాళ్ళకు పాఠం బాగానే వస్తోంది. “పోతే పోయింది పదవి. ఆదివారం పూటైనా ఇంటి పని చూస్తారు” అంది భార్య.

ఆయన ఇప్పుడు వంటింట్లో నిలబడడం లేదు. కూతురి గదిలోనే, మంచం అంచున, చేతులు ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. ఒకసారి ఉత్సాహం పట్టలేక గిటారు తెచ్చి పక్కన తీగలు మీటబోయాడు.

“వద్దు నాన్నా, ఊరికే విను” అంది చిట్టి.

ఆయన గిటారు పక్కన పెట్టి ఊరికే విన్నాడు. ఇన్నేళ్ళ సంగీత జీవితంలో అది ఆయనకు కొత్త విద్య.

పదవులు వేరు, చుట్టరికాలు వేరు గనక అధ్యక్షుల వారు ఇప్పటికీ ఆదివారాలు వస్తారు. టీ తాగి, పాట విని, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “పిల్ల బంగారం తమ్ముడూ. అచ్చం మనవాళ్ళలాగే వాయిస్తుంది” అంటారు. ఆయన మనసులో అంతకు మించిన మెప్పు లేదు.

పాఠకులు ఆయన్ని చూసి నవ్వవలసిన పని లేదు. మొన్నటికి మొన్న మీరు కూడా మీ పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ళ గురించి, “పాపం, చాలా మంచివాళ్ళండీ, చూస్తే అచ్చం మనవాళ్ళలాగే ఉంటారు” అన్నారు. విన్నవాళ్ళు కూడా సంతోషించి తలలూపారు. ఆ మాట పక్కింటివాళ్ళకు చేరింది. మీ గురించి వాళ్ళూ అదే మాట అనాలని చూశారట గానీ, ఇంకా విచారణలో ఉందట.