డొక్కల బాట

రాఘవులు గారికి మే నెలలో కూడా వేడినీళ్ళ స్నానమే కావాలి. ఆ ఉదయం కోడలు భూలక్ష్మి పెరట్లో కాగు కింద మంట పెట్టబోయి చూస్తే, చూరు కింద గోడెత్తున పేర్చిన కొబ్బరి డొక్కలు, కాయల మీంచి ఒలిచిన ఎండు పీచు తొక్కలు, లేవు. ఒక్కటి మాత్రం మిగిలింది. అదీ తడిసింది.

"ఏవండీ, డొక్కలేవి?"

భర్త సత్యప్రసాద్ అరుగు మీద కూర్చుని ఏదో కాగితం చదువుతున్నాడు. "లంకకి పంపించేను."

"లంకలో ఎవరు స్నానం చేస్తున్నారంట?"

"బాట వేస్తున్నాను భూలక్ష్మీ. చెప్పేను కదా."

"బాట వేస్తానన్నారు. మావయ్యగారి నీళ్ళతో వేస్తానన్లేదు."

రాఘవులు గారు తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చారు. "నా గురించి గొడవెందుకమ్మా? గోరువెచ్చగా ఉన్నా చాలు" అన్నారు, పెద్ద త్యాగం చేస్తున్నట్టు. మంట లేకుండా గోరువెచ్చన ఎలా అవుతుందో మాత్రం చెప్పలేదు.

సత్యప్రసాద్ చదువుతున్నది లీజు కాగితం. గోదావరి పాయ అవతల ఉన్న ఇసుక లంక సర్కారుది. అందులో రెండెకరాలు అయిదేళ్ళ లీజుకు తీసుకుని అతను అరటి వేశాడు. వేసవిలో పాయ ఎండిపోతే ట్రక్కు ఆటో లంక అంచుదాకా వస్తుంది. అక్కడి నుంచి తోటదాకా రెండు వందల గజాలు ఇసుక. చక్రం దిగబడిపోతుంది కనుక గెలలన్నీ నెత్తిన మోయవలసిందే. పోయినేడు మోసేవాళ్ళు దొరక్క సగం గెలలు చెట్టునే పండిపోయాయి. ఈ ఏడు బాట వేద్దామంటే లీజు షరతులున్నాయి. కంకర పోయకూడదు, చెట్టు కొట్టకూడదు, పిట్టల గూళ్ళ జోలికి పోకూడదు. మట్టిలో కలిసిపోయే సరుకైతే అభ్యంతరం లేదు. పైగా లీజు ఈ నెలతో ముగుస్తోంది. తనిఖీకి వచ్చే మేడమ్ సరేనంటేనే మళ్ళీ అయిదేళ్ళు. కోనసీమలో కొనక్కర్లేకుండా దొరికి, మట్టిలో కలిసిపోయేది ఒక్కటే. అది భూలక్ష్మి చూరు కింద ఉంది.

మొదటి రోజు యాభై గజాలు చక్కగా సాగింది. రెండోరోజు బాట గీతకు తాడు పట్టిన చోట ఓ తీతువు పిట్ట లేచి నెత్తి మీద గిరికీలు కొడుతూ అరిచింది. ఇసుకలో గుంట, గుంటలో నాలుగు గుడ్లు. సత్యప్రసాద్ షరతులు గుర్తు తెచ్చుకుని బాటను పక్కకు తిప్పాడు. పక్కన లంకలోనే సాగు చేసే గణపతి దోసపాదులున్నాయి.

"వేసుకోండి అన్నగారూ, పిట్ట కంటే ఎక్కువా నా పాదులు?" అన్నాడు గణపతి ఉదారంగా. "ఎలాగూ ఇంతదూరం వచ్చేరు కదా, మా పాక దాకా కూడా వేసెయ్యండి."

పాక దాకా వేశాక రెండో గూడు కనబడింది. బాట మళ్ళీ తిరిగింది. రెండు వందల గజాలు కాస్తా నాలుగు వందలు దాటింది. ఇంటి డొక్కలు ఏనాడో అయిపోయాయి. సత్యప్రసాద్ వీధిలో అడగడం మొదలుపెట్టాడు. పక్కింటి సీతారత్నం మూడు గంపలిచ్చింది. అతను హోమం చేయిస్తున్నాడని ఎవరో అన్నారు. ఆ మాట ఐనవిల్లి దాకా పోయింది. అక్కడి దూరపు బంధువొకాయన రెండు బస్తాల డొక్కలు పంపి, ప్రసాదం ఎప్పుడని కబురు చేశాడు. వారం తిరిగేసరికి వీధిలో సగం కాగులు చల్లబడ్డాయి.

"ఏవమ్మా భూలక్ష్మీ, మీ ఆయన పిట్టలకి రోడ్డేస్తున్నారంట కదా?" అంది సీతారత్నం గోడ మీంచి. "మా అత్తగారు చన్నీళ్ళు పోసుకుని తుమ్ముతున్నారు. ఆ సంగతి పిట్టలకి కూడా చెప్పండి."

భూలక్ష్మి ఖాళీ చూరు వంక ఓసారి చూసి, గంప దులిపి పక్కన పెట్టుకుంది.

గురువారం బాట పూర్తయింది. శుక్రవారం పదింటికి తనిఖీ, శనివారం పొద్దున్నే ట్రక్కు ఆటో. శుక్రవారం ఎనిమిదింటికి భూలక్ష్మి గంప, గొడుగు పట్టుకుని లంకకు వెళ్ళింది. నాలుగు వందల గజాల్లో రెండు గంపలు తీస్తే ఎవరికీ తెలియదని ఆమె లెక్క. బాట మీదికి ఆటో ఎక్కే మొదట్లోనే డొక్కలు బాగా ఎండి ఉన్నాయి. ఓ గంప నింపి, పైన పెట్టడానికి ఇంకో డొక్క తీయబోతుంటే తీతువు అరుస్తూ నెత్తి మీదికి దూకింది. వంగి చూస్తే, డొక్కల మధ్య డొక్క రంగులోనే నాలుగు గుడ్లు.

రెండు గూళ్ళను తప్పించి వేసిన బాట మీద మూడో జంట కాపురం పెట్టింది. అదీ సరిగ్గా మొదట్లో. ఒక పక్క కోసుకుపోయిన గట్టు, ఇంకో పక్క గణపతి పాదులు. తిప్పడానికి చోటు లేదు.

కాసేపటికి వచ్చిన సత్యప్రసాద్ గుడ్లను చూసి ఇసుకలో కూలబడ్డాడు. వెంట వచ్చిన గణపతి మాత్రం చురుగ్గా ఆలోచించాడు. "మేడమ్ రావడానికి టైముంది. గుడ్లు గంపలో పెట్టి అటు జరిపేద్దాం అన్నగారూ. పిట్టకేం తెలుస్తుంది?"

సత్యప్రసాద్ అటూ ఇటూ చూశాడు. పండబోతున్న గెలల వైపు చూశాడు. చెయ్యి ముందుకు చాచాడు.

"చెయ్యి తియ్యండి" అంది భూలక్ష్మి.

"డొక్కలు కావాలన్నది నువ్వేగా?"

"డొక్కలు కావాలన్నాను. గుడ్లు కావాలన్లేదు. ఎండ మండిపోతోంది, అది వచ్చి కూర్చోవాలి. మీరిద్దరూ అవతలికెళ్ళండి." గొడుగు విప్పి గుడ్ల మీద నీడ పట్టింది.

సరిగ్గా అప్పుడే, చెప్పిన టైముకు గంట ముందు, మేడమ్ శిరీష బండి దిగింది. ఆమెకు కనబడింది ఇది: గూటికి గొడుగు పట్టిన ఇల్లాలు, పక్కన గంపెడు డొక్కలు, దూరంగా భయభక్తులతో నిలబడిన ఇద్దరు మగాళ్ళు.

"ఈ డొక్కలు ఇక్కడికెందుకు తెచ్చేరమ్మా?"

మొగుడి బాటను దొంగిలిస్తున్నానని భూలక్ష్మి ఎలా చెబుతుంది? "మెత్తగా ఉంటుందనండి..." అంది.

"ఆయ్, రోజూ తెస్తారండీ ఆవిడ!" అన్నాడు గణపతి.

శిరీష బాట వెంట నడిచింది. మొదటి గూడు దగ్గర ఒంపు, రెండో గూడు దగ్గర ఇంకో ఒంపు చూసింది. తిరిగి వచ్చేసరికి ఆమె ముఖం వెలిగిపోతోంది. "ఎంతోమంది లీజుదారుల్ని చూసేను. పిట్టల కోసం ఇంత పొడుగు పరుపు వేసినవాళ్ళని చూళ్ళేదండీ!"

"మేడమ్, అది పరుపు కాదండీ, బా..." అన్నాడు సత్యప్రసాద్. భూలక్ష్మి అతని వంక చూసింది. "...బాగా ఆలోచించే వేసేమండి."

శిరీష అక్కడికక్కడే కాగితం రాసి సంతకం పెట్టించుకుంది. లీజు మరో అయిదేళ్ళు పొడిగించవచ్చు. పిల్లలు ఎగిరేదాకా పరుపు మీద చక్రం తిరగకూడదు. ఏటా వేసవి మొదట్లో లీజుదారు కొత్త డొక్కలు పరవాలి.

సత్యప్రసాద్ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. పిల్లలు ఎగిరేసరికి గోదావరికి వరద వస్తుంది. వరద తీసేసరికి పాయలో నీళ్ళు నిలిచి ఉంటాయి. నీళ్ళు ఎండేసరికి పిట్టలు వస్తాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. అలాగే వచ్చింది.

శనివారం గెలలు నెత్తి మీదే దాటాయి, బాట పక్కన ఇసుకలోంచి. డొక్కలిచ్చిన పాపానికి సీతారత్నం మొగుడూ మోశాడు, పాక దాకా బాట వేయించుకున్న గణపతీ మోశాడు. ఒక్క గెల కూడా చెట్టున పండలేదు.

ఆదివారం మధ్యాహ్నం మెడ తిప్పలేక తిప్పుతూ సత్యప్రసాద్ భోజనానికి కూర్చున్నాడు. పనసపొట్టు కూర వడ్డిస్తూ భూలక్ష్మి చెప్పేసింది. "ఇవాళ్టి నించి ఈ ఇంట్లో డొక్కలు నా చేతిమీదుగానే వెళ్తాయి. మొదటి గంప మావయ్యగారి కాగు కిందికి. రెండోది పిట్టలకి, సంతకం పెట్టేం కాబట్టి. మిగిలితే మీ బాటకి."

"ఆయ్, న్యాయంగా ఉందమ్మా" అన్నారు రాఘవులు గారు. వేడినీళ్ళ స్నానం చేసి వచ్చిన వారి మాటకు ఆ ఇంట్లో మళ్ళీ బరువొచ్చింది.

సత్యప్రసాద్ ఇంకాస్త కూర వేయించుకున్నాడు.

ఆ వేసవంతా లంకలో కొత్త బాట మీద ఆరుగురు నడిచారు. అందరివీ సన్నటి పొడుగాటి కాళ్ళే.