బొగ్గు ఫిల్టరుకు టికెట్టు

పొగ పైకి పోవడం ప్రకృతి ధర్మం. పైకి పోతున్న పొగను మధ్యలో పట్టుకుని, బొగ్గులోంచి వడకట్టి, తిరిగి వండుతున్న మనిషి మొహం మీదికే ఊదడం నాగరికత ధర్మం. ఈ రెండో ధర్మాన్ని నిలబెట్టడానికే పొయ్యికి పైన గోడకు బిగించే మైక్రోవేవ్ ఓవెన్‌ను కనిపెట్టారు. అది కూర వేడిచేస్తుంది. కింద పొయ్యి మీది పొగను పీలుస్తుంది. పీల్చినదాన్ని పై జాలీలోంచి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. మధ్యలో ఉండే బొగ్గు ఫిల్టరు వాసనను మింగేస్తుందనీ, దాన్ని ఆరు నెలలకోసారి మార్చాలనీ ఓవెన్‌తో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. (ఆ పుస్తకాన్ని ఎవరూ తెరవకుండా ఓవెన్ లోపలే పెట్టి అప్పగించడం ఆనవాయితీ.)

బహ్రెయిన్‌లో, సీఫ్‌లో, ఇరవై రెండంతస్తుల టవరు ఒకటుంది. అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు, వెరసి ఎనభై ఎనిమిది వంటిళ్లు. కట్టి ఐదేళ్లయినా ఒక్క ఫిల్టరూ మారలేదు. మార్చమని ఎవరూ అడగలేదు కనుక అవన్నీ దివ్యంగా పనిచేస్తున్నట్టే రికార్డుల్లో ఉంది.

ఆ టవరుకు మెయింటెనెన్సు టెక్నీషియన్ యెషయా. రాజోలు పక్కన లంక ఊరివాడు. ఊళ్లో ఇల్లు కడుతున్నాడు. నాలుగేళ్లుగా లేస్తూ ఆగుతూ వచ్చిన గోడలు ఈ ఏడు పూర్తిగా లేచాయి. శనివారం స్లాబు. ఇల్లు కట్టినవాళ్లకు స్లాబంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కాంక్రీటు కలిపే మిల్లరు తిరగడం మొదలుపెడితే సాయంత్రం దాకా ఆపకూడదు. పాస్టరుగారు ప్రార్థన చేశాక మొదటి తట్ట కాంక్రీటు ఇంటాయనే పొయ్యాలి. మధ్యాహ్నం ముప్పైమంది కూలీలకు మాంసం కూరతో భోజనం పెట్టాలి. మేస్త్రీ భీమన్న ఆ తారీకు ఇవ్వడానికి మూడు నెలలు తిప్పాడు. అది తప్పితే మళ్లీ వర్షాలు వెళ్లాకే అన్నాడు.

గురువారం ముహర్రక్‌లో విమానం ఎక్కితే శుక్రవారానికి ఊళ్లో ఉంటాడు. అడ్డం ఒకటే. సంస్థ నియమావళిలో తొమ్మిదో నియమం ప్రకారం, తన పేరిట ఒక్క టికెట్టు తెరిచి ఉన్నా ఉద్యోగికి సెలవు లేదు. పదో నియమం ప్రకారం, అలాంటివాడికి విమానం టికెట్టు చేతికివ్వరు. ఇక్కడ టికెట్టంటే ఫిర్యాదు. అద్దెకున్నవాళ్లు యాప్‌లో కుళాయి కారుతోందని నొక్కితే టికెట్టు తెరుచుకుంటుంది. పనయితే మూసుకుంటుంది. ఆదివారం పొద్దుటికి యెషయా తన టికెట్లన్నీ మూసేసి పెట్టె సర్దుకున్నాడు. పదకొండింటికి పద్నాలుగో అంతస్తులో ఒకటి తెరుచుకుంది.

ఫ్లాటు లక్ష్మిప్రసన్నది. భీమవరం ఆవిడ, బ్యాంకులో ఉద్యోగం. యెషయాను తలుపు దగ్గరే నిలబెట్టి మొదలుపెట్టింది.

"పక్కింటావిడ మూడుసార్లు కంప్లయింటు పెట్టింది. ఎండు రొయ్యలు వేయించడం నేరమా యెషయా?"

"నేరం కాదమ్మా. పైన మిషను వాసన పీల్చి మళ్లీ మీ మీదికే ఊదుతోంది. అది తలుపు సందులోంచి వాళ్లింటికి పోతోంది."

"మరి అంత పెద్ద మిషను చేస్తున్న పనేంటి?"

"లైటు వెలుగుతుందండి."

యెషయా స్టూలెక్కి పైన రెండు స్క్రూలు విప్పి, జాలీ తీసి, ఫిల్టరును బయటికి లాగాడు. ఈ వస్తువులో ఒక చిక్కుంది. కొత్తదీ నల్లగానే ఉంటుంది, పాతదీ నల్లగానే ఉంటుంది. పాతదైతే వేళ్లకు అతుక్కుంటుంది. ఇది ఎంతకీ వదల్లేదు. కింద ఉండే రేకు జాలీనైతే వేణ్నీళ్లతో కడగొచ్చుగానీ బొగ్గును కడగకూడదు, మార్చాల్సిందే. పది నిమిషాల పని. యెషయా ఫోన్ తీసి, యాప్‌లో సామాను కోసం ఇంగ్లీషులో 'చార్‌కోల్ ఫిల్టర్, ఒకటి' అని కొట్టాడు.

అక్కడ తప్పు చేశాడు.

రెండేళ్ల కిందట తొమ్మిదో అంతస్తులో ఎవరో బాల్కనీలో బొగ్గులు రాజేసి కబాబులు కాల్చారు. అప్పట్నుంచి టవరులో బొగ్గు నిషేధం. యాప్‌లో ఆ మాట ఎవరు రాసినా తిన్నగా అగ్నిభద్రతా విభాగానికి పోయేలా ఏర్పాటు చేశారు. (ఆ విభాగంలో ఉన్నది ఒక్కరే, ఆయనే విభాగాధిపతి.) గంటలో శ్రీనివాసరాజు గారు మెరిసే పసుపు కోటు తొడుక్కుని, చేతిలో ఫారం పట్టుకుని దిగారు. మర్యాదస్తులు. మందలించేటప్పుడు కూడా 'అండీ' మానరు.

"బొగ్గు ఎన్ని కేజీలండీ?"

"కేజీలు కాదండి. జానెడు పలక."

"ఎక్కడ ముట్టిస్తారండీ?"

"ముట్టించమండి. ఊరికే ఉండటమే దాని పని."

శ్రీనివాసరాజు గారు ఫారాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. "ముట్టించని బొగ్గుకి మా దగ్గర గడి లేదండీ. పోనీ ఓ పని చేయండి. ముట్టిస్తానని రాయండి, కుదరదని నేను తిరస్కరిస్తాను. మీకంటూ ఒక నిర్ణయం వస్తుంది కదండీ."

ఈ సహాయాన్ని యెషయా సవినయంగా వద్దన్నాడు.

సోమవారం స్టోరు నుంచి పిలుపొచ్చింది. స్టోరు కీపరు సర్వర్, నిజామాబాద్ మనిషి. కౌంటరు మీద పదికిలోల బస్తా పెట్టుకుని, పెళ్లికొడుకు పక్కన నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"ఇగో భాయ్, నీ కోయ్లా. హుక్కాలకు వాడేది. ఫస్ట్ క్లాస్ మాల్."

"నేనడిగింది ఇది కాదు సర్వర్ భాయ్!"

"చార్‌కోల్ అని రాసినవా లేదా?"

"ఫిల్టరని కూడా రాశాను కదా!"

"గందుకే గదా, జల్లెడ పట్టిచ్చి తెచ్చిన. పొడి ఒక్క చిటికెడు దొరికితే అడుగు."

యెషయా బస్తాకేసి చూశాడు. నిజంగానే పొడి లేదు. ఆ సాయంత్రం సర్వర్ దాన్ని హమద్ టౌన్‌లో తన రూముకు తీసుకుపోయాడు. అక్కడ అది జరగాల్సిన పద్ధతిలోనే ఖలాస్ అయింది.

మంగళవారం డ్యూటీ మధ్యలో ఊరి నుంచి భార్య స్టెల్లా ఫోను.

"ఏవండీ, టికెట్టు వచ్చిందా?"

"వచ్చింది. తెరిచే ఉంది. మూయాలి."

"వచ్చిన టికెట్టుని మూయడమేంటండీ? మడత పడకుండా పర్సులో పెట్టుకోండి."

"ఆ టికెట్టు కాదే. ఈ టికెట్టు పోతేగానీ ఆ టికెట్టు రాదు."

"అక్కడ ఎండలు బాగా ఉన్నాయా?" అంది స్టెల్లా మెల్లగా. "భీమన్న సెంట్రింగు కొట్టించేశాడు. ఇనుము కూడా కట్టేశారు. పాస్టరుగారు ఎనిమిదింటికల్లా వస్తానన్నారు. మీరొక్కరే బాకీ."

యెషయా మళ్లీ స్టోరుకెళ్లి కౌంటరు మీద తల ఆనించి కూర్చున్నాడు. సర్వర్ చాయ్ పోశాడు. సాయం చేయాలనుకున్నప్పుడు అతను గొంతు తగ్గిస్తాడు.

"నీ లొల్లంతా ఆ మాటతోనే భాయ్. బొగ్గు అనకు. నల్ల స్పాంజి అను. సఫాయి సామాన్ కింద పడ్తది. స్పాంజికి ఎవడూ పర్మిషన్ అడ్గడు."

"స్పాంజిస్తే నేనేం చేసుకోను?"

"స్పాంజని రాయి. కార్బన్ తీసుకపో." సర్వర్ లేచి, కాగితాలూ పెన్నులూ ఉండే అరలో పైనుంచి దుమ్ము పట్టిన డబ్బా దించాడు. లోపల నల్లటి పలకలు, అట్టపెట్టెల్లో, ఎనభై ఎనిమిది. ఐదేళ్ల కిందట ఓవెన్లతోపాటే వచ్చాయి. పైన 'కార్బన్' అని ఉంటే, కార్బన్ పేపరనుకుని స్టేషనరీలో సర్దేశారు. మధ్యలో రెండుసార్లు ఆడిట్ జరిగింది. రెండుసార్లూ టవరులో రాతకోతలకు కొరత లేదని రాసుకుని వెళ్లారు.

బుధవారం పొద్దున్న యెషయా కరెంటు ఆపి, రెండు స్క్రూలు విప్పి, కొత్త ఫిల్టరు తోసి, జాలీ బిగించాడు. ఈ వ్యవహారం మొత్తంలో అసలు పని ఇదొక్కటే కనుక చప్పున అయిపోయింది.

పనికి ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో యాప్‌కి పంపాలి. పంపాడు. యాప్ రెండూ పోల్చి చూసి, 'మార్పు కనబడలేదు. పని జరగలేదు' అంది. ఫిల్టరు జాలీ వెనకాల ఉంటుంది కనుక, దాని మాటలో అబద్ధం లేదు. జాలీ తీసి ఫొటో పెట్టాడు. 'పని అసంపూర్ణం' అంది.

లక్ష్మిప్రసన్న అతని చేతిలోంచి ఫోను లాక్కుని చదివింది. "దీనికి కనబడాల్సింది మార్పే కదా? ఉండు." అంటూ హాల్లోకెళ్లి, గులాబీ రంగు ప్లాస్టిక్ పూల కూజా తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. "ఇప్పుడు తియ్యి."

'గణనీయమైన మార్పు గుర్తించబడినది. ధన్యవాదాలు' అంది యాప్.

"రొయ్యలు వేయించి చూడనా?"

"నేను విమానమెక్కాక వేయించండమ్మా. ఇప్పుడింకేమైనా తేడా వస్తే తట్టుకోలేను."

పన్నెండూ పదికి టికెట్టు మూసుకుంది. పన్నెండూ పదకొండుకి గురువారం నుంచి నెలరోజుల సెలవు మంజూరైందని సందేశం వచ్చింది. యెషయా లిఫ్టులో ఒక్కడే ఉన్నాడు గనక కాస్త గంతేశాడు. పన్నెండూ పద్నాలుగుకి ఫోను మోగడం మొదలై, లిఫ్టు కిందికి దిగేదాకా ఆగలేదు.

కింద ఆఫీసులో కోఆర్డినేటరు గంగాప్రసాద్ లేచి చెయ్యి కలిపాడు.

"ముబారక్ యెషయా! ఈ బిల్డింగ్‌ల ఫిల్టర్ మార్చిన మనిషివి నువ్వొక్కనివే. సిస్టం నిన్ను స్పెషలిస్టును చేసింది. మిగిలిన ఫ్లాట్లన్నీ నీ పేరు మీదనే పడ్డయ్. ఎనభై ఏడు."

"మరి నా సెలవో, సార్?"

"గది మంజూరైంది గదా. ఫ్లైట్ టికెట్ ఒక్కటే ఇయ్యరాదు. టికెట్లు ఓపెన్ ఉన్నయ్. నువ్వు సొంతంగ కొనుక్కొని పోయినవనుకో, పారిపోయినవని సిస్టం రాసుకుంటది."

"అయితే ఈ సెలవు రద్దు చేసి, పనయ్యాక ఇవ్వండి."

"మంజూరైన సెలవు రద్దు గావాలంటే, సెలవు నుంచి వాపస్ వచ్చినంక అప్లికేషన్ పెట్టుకోవాలె."

"వెళ్లకుండా వాపసెలా వస్తానండీ?"

గంగాప్రసాద్ చెడ్డవాడు కాడు. చాలాసేపు తెర మీద వెతికాడు. చివరికి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏం జేద్దం యెషయా. గా ప్రశ్నకు ఇందుల బటన్ లేదు."

గది బయట స్టెల్లా ఫోను.

"ఏవండీ, టికెట్టు వచ్చిందా?"

"వచ్చాయి. ఎనభై ఏడు."

"అంతమందా! ఏవండీ, మాంసం చాలదు."

శనివారం పొద్దున్న యెషయా ఆరో అంతస్తులో ఒకరి వంటింట్లో స్టూలెక్కి, ఫోనును ఓవెన్‌కి ఆనించి పెట్టుకున్నాడు. అందులో మిల్లరు తిరుగుతోంది. పాస్టరుగారు ఆమెన్ అన్నాక మొదటి తట్ట స్టెల్లా పోసింది. పోసి, చీర కొంగుతో మొహం తుడుచుకుని, ఫోను అటు తిప్పేసింది. భీమన్న మొహం కనబడింది.

"అన్నా, వంటింట్లో పొగకేం పెట్టమంటావు?"

"గోడకి కన్నం పెట్టు భీమన్నా. బయటికి."

"అంతేనా? గల్ఫులో దానికేదో మిషనుంటదంట గదా."

"ఉంటది. దాని కిందే ఉన్నాను."

ఆ రోజు యెషయా తొమ్మిది ఫిల్టర్లు మార్చాడు. మార్చిందెవరో తెలియదని సిస్టం రాసుకుంది, ఎందుకంటే అతను సెలవులో ఉన్నాడు. సంస్థ రికార్డు ప్రకారం ఆ శనివారమంతా యెషయా తన ఇంటి స్లాబు దగ్గరే నిలబడి ఉన్నాడు.