బడికి వచ్చిన చుట్టాలు

ఒక పెద్ద అడవిలో, ఆరుద్ర కార్తె మొదటి శుక్రవారం పట్టపగలు, సూదమ్మ అనే ముళ్లపందికి అన్యాయం జరిగింది. కొత్త బడిలో వడ్డించిన పప్పుచారు తియ్యగా ఉందన్నందుకు ఆవిణ్ణి గేటు బయటికి నడిపించారు. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు బుడిపిని కూడా. "తల్లి మర్యాద నేర్చుకున్నాక పిల్లాణ్ణి పంపండి" అన్నారు.

పప్పుచారు తియ్యగా ఉన్న మాట నిజమే. నిజం చెప్పేవాళ్లని నడిపించడానికి కాకపోతే గేట్లు ఇంకెందుకు?

అసలు ఆ అడవిలో వెనకటికి బుల్లి బుల్లి బళ్లు చాలా ఉండేవి. పుట్ట పక్కన ఒకటి, చెట్టుతొర్రలో ఒకటి, వాగొడ్డున ఒకటి. వాటన్నిటినీ మూసేసి పైవాళ్లు ఒకటే పెద్ద బడి కట్టారు. గోడలకు రంగులు, కిటికీలకు తెరలు, వాకిట్లో ముట్టుకోకూడని పూలమొక్కలు. పిల్లలైతే వచ్చారు. వాళ్ల అమ్మానాన్నలకే అది ఎవరి బడో అంతుపట్టలేదు. పిల్లల్ని గేటు దగ్గర వదిలి, అప్పులవాడి గుమ్మం దాటినట్టు తలొంచుకుని వెళ్లిపోయేవారు.

ఆ సంగతి సింహంగారి కచేరీ దాకా పాకి, ఒక ఉత్తర్వు ఊడిపడింది. "ఈ బడి మనది అనే భావన కుటుంబాలకు కలిగించవలెను. ఆశ్లేష కార్తెలో తనిఖీ. భావన కలగనిచో బడి ఏటి అవతలికి మార్చబడును."

హెడ్మాస్టరు నెమలి పింఛారావుగారికి ఆ చివరి వాక్యం మింగుడుపడలేదు. ఏటి అవతల ఆయన నాట్యం చూసేవాళ్లెవరూ లేరు మరి. వెంటనే గేటు మీద "ఇది మీ బడి" అని పెద్ద అక్షరాలతో రాశారు. దాని కిందున్న "అనుమతి లేనిదే లోనికి రాకూడదు" అన్న పాత బోర్డును మాత్రం అలాగే ఉంచారు. రెండూ ఆయన దస్తూరీయే.

ఆ తర్వాత తల్లిదండ్రులకు విందన్నారు. అదిగో, ఆ శుక్రవారమే.

వంటవాడు ఎలుగుబంటి జడలయ్య. చెయ్యి మంచిదే, అలవాటే చెడ్డది. ఏది వండినా అందులో తేనె పడితే గానీ ఆయన మనసు కుదుటపడదు. విస్తళ్లలో పప్పుచారు పోశాడు. అందరూ ఒక గుక్క తాగారు. అందరి మొహాలూ ఒక్క క్షణం వంకర తిరిగి, మళ్లీ సర్దుకున్నాయి.

"అమృతమండీ!" అంది కుందేలు చెవులమ్మ, మిగతాది మెల్లగా పూలమొక్క మొదట్లో పోస్తూ.

"దివ్యం" అన్నాడు అడవిపంది బురదయ్య. ఆయన వేటికీ వంక పెట్టడు గనక ఆ మాటకు లెక్కలేదు.

తల్లిదండ్రుల కమిటీ ప్రెసిడెంటు ఊసరవెల్లి రంగనాయకులు పచ్చటి తెర ముందు పచ్చగా నిలబడి, "మన హెడ్మాస్టరుగారి హయాంలో చారు కూడా చదువుకుంది" అన్నాడు.

చప్పట్లు ఆగాక సూదమ్మ అడిగింది. "జడలయ్యన్నా, ఇది పప్పుచారా, పాయసమా? ముందే చెబితే నేతిలో జీడిపప్పు వేయించుకొచ్చేదాన్నిగా!"

జడలయ్య మూతి ముడుచుకున్నాడు. పింఛారావుగారి పింఛం ముడుచుకుంది. ఆ తర్వాతి సంగతి మొదట్లోనే చెప్పాను.

ఈ బడి మీద అలిగి పోవడానికి ఇంకో బడి ఉందా? లేదు. ఏరు దాటితే ఒకటుంది. ఆ ఏరు వానాకాలంలో బుడిపిలాంటివాళ్లను మింగి త్రేన్చదు కూడా. అందుకని సూదమ్మ రోజూ కొడుకును తెచ్చి గేటు బయట కూర్చోబెట్టేది. లోపల చెప్పే ఎక్కాలు వాడు బయటినుంచి అప్పజెప్పేవాడు.

"అమ్మా, బాగుందని ఒక్క మాట అనెయ్యొచ్చుగా?" అన్నాడొకరోజు.

"అనెయ్యొచ్చురా. అప్పుడు నీకు రోజూ అదే పోస్తారు."

అన్నదే గానీ, తల్లి ప్రాణం కదా. ఆ సాయంత్రం ఒక తుప్ప ముందు నిలబడి "చాలా చాలా బాగుందండీ" అని సాధన చేసింది. రెండో "చాలా" దగ్గరికి వచ్చేసరికి వీపు మీద ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. నోరు లొంగినా ఒళ్లు లొంగలేదు.

లోపల పింఛారావుగారు కొత్త పథకం పెట్టారు. వారానికోసారి ప్రతి కుటుంబమూ గేటు దగ్గర నిలబడి బడిని మెచ్చుకోవాలి. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పులు వంటింటి దాకా వినిపించి జడలయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఇంత అభిమానం చూపిస్తుంటే ఇంకో తేనెపట్టు పిండకపోతే నేను మనిషినేనా!" అన్నాడు. కాదని చెప్పేవాళ్లు లేక, ఒక పట్టు పిండేచోట మూడు పిండాడు.

పిల్లలు ఆకలితో ఇళ్లకు వస్తున్నారు. వాళ్ల వెనకే చీమలు వస్తున్నాయి.

ఒకనాడు చెవులమ్మ గేటు దగ్గర ఆగింది. "ఎందుకొదినా నీకా నోరు? పిల్లాడికి ఇంట్లో రెండు దుంపలు పెట్టి పంపితే సరిపోయేదిగా. మనకెందుకు చెప్పు, వాళ్ల బడి, వాళ్ల చారు."

"అదీ మాట" అంది సూదమ్మ. "ఇంట్లో నేను ఉప్పు తగ్గిస్తే మా ఆయన కొంప ఎగరగొడతాడు. అదే చుట్టాలింట్లో గొడ్డుకారం పెట్టినా కళ్లు తుడుచుకుంటూ 'బ్రహ్మాండం' అంటాడు. మీరంతా ఆ బడికి చుట్టాలే చెవులమ్మా. చుట్టాలు చెయ్యి కడుక్కుని పోతారు. పిల్లలు మాత్రం రేపు మళ్లీ అక్కడే తినాలి."

చెవులమ్మ గేటు వదిలి నడిచింది. చెవులు మాత్రం వెనక్కి వాలాయి.

తనిఖీ రోజు వచ్చింది. అధికారి ఏనుగు ఏకాంబరంగారు ముసలాయన, నిదానస్తుడు. తల్లిదండ్రులు వరసగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు మెచ్చుకోవడం మొదలెట్టారు. చెవులమ్మ వంతు వచ్చింది.

"మా బడి చారు అమృత..."

ఇంతలో ఆవిడ చిన్నది ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. మూతి అంటుకుపోయి తెరుచుకోవడం లేదు. చెవుల నిండా చీమలు.

"...అమృతమా, నా తలకాయా!" అని చెవులమ్మ ఒక్క అరుపు అరిచింది. ఆవిడకు అంత గొంతుందని ఆవిడకే తెలియదు. "జడలయ్యా! పసిపిల్లలకు పోసే చారా ఇది? ఏదీ, ఆ గరిటె ఇలా పడెయ్!"

అంతే, కట్ట తెగింది. వేటికీ వంక పెట్టని బురదయ్య కూడా "నెల్నాళ్లుగా నా కూతురు కడుపు మాడ్చుకుంటోంది!" అని గుండిగ బోర్లించాడు. కోతి కోతమ్మ పైకప్పెక్కి, పెంకులు కారుతున్నాయని అక్కణ్ణించే తిట్టింది. అందరూ వంటింట్లోకి జొరబడ్డారు. లోపలినుంచి చెవులమ్మ కేక: "ఒదినా! సూదమ్మొదినా! గేటు దగ్గరేం చేస్తున్నావే, ఇంట్లో చింతపండుంటే పట్టుకురా!"

సూదమ్మ వెళ్లి, చింతపండు తెచ్చి, కొడుకు చెయ్యి పట్టుకుని, ఆ రెండు బోర్డుల కిందనుంచే లోపలికి నడిచింది. అనుమతి ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ అడగనూ లేదు.

"అలా చూస్తావేం, కలుపు" అంది జడలయ్యతో. "నీ చెయ్యి మంచిదే. తేనె సీసా నాకివ్వు."

"ముందే చెప్పొచ్చుగా చెల్లీ" అన్నాడు జడలయ్య, ముక్కు చీదుతూ.

పింఛారావుగారు కూలబడ్డారు. "అయిపోయింది. తిట్టేశారు. బడి ఏటి అవతలికి పోయినట్టే."

ఏకాంబరంగారు తొండం వంటింట్లో పెట్టి అడిగారు. "ఏమ్మా, ఎవరి వంటిల్లనుకుని ఇంత రభస?"

"ఎవరిదేమిటయ్యా, మాది!" అన్నాయి అన్ని గొంతులూ. "అడ్డు లే, పొగ పోవాలి!"

"నేను మొదట్నుంచీ అంటున్నదదే" అన్నాడు రంగనాయకులు, పొగ రంగులో.

ఏకాంబరంగారు నవ్వి, రాసుకోవడానికేమైనా ఇమ్మన్నారు. సూదమ్మ వీపునుంచి ఒక ముల్లు పీకి ఇచ్చింది.

నీతి: మెచ్చుకునేవాళ్లకు తాంబూలమిచ్చి పంపండి, తిట్టేవాళ్లకు గరిటె ఇవ్వండి.

ఆ ముల్లుతో నివేదికలో పడ్డ మాట ఇది: "భావన కలిగిన తేదీ: ఆశ్లేష కార్తె, రెండో మంగళవారం, పప్పుచారు తిరిగి మరిగిన వేళ."