బెంచీ పీకించిన ఇంజనీరు

ఆ ఉదయం బూట్లు తొడుక్కుంటూ ఇంజనీరు తన కార్యక్రమం భార్యకు చెప్పాడు. సందు మలుపులోని సిమెంటు బెంచీని ఇవాళ పీకించేయాలి. పొద్దస్తమానం దాని మీద పెద్దవాళ్లు చేరి వచ్చేపోయేవాళ్లకు వంకలు పెడుతున్నారని మునిసిపాలిటీకి ఫిర్యాదు వచ్చింది. నిన్న ఆయన పొట్టకే వంక పెట్టారు.

"బెంచీ తీసేస్తే వాళ్లెక్కడికి పోతారండీ?"

"ఇళ్లకి పోతారు. అందుకేగా ఇళ్లు కట్టుకునేది."

బెంచీ పోయింది గాని మనుషులు పోలేదు. వాళ్లు టైలరు షాపు మెట్లెక్కారు. గిరాకీ రావడానికి దారి లేదని టైలరు మెట్ల మీద బకెట్టెడు నీళ్లు కుమ్మరించాడు. వాళ్లు బస్‌స్టాపు నీడకు చేరారు. అక్కడ చోటు దొరకని ప్రయాణికులు రోడ్డెక్కారు. వాళ్లను తప్పించబోయి బస్సులు నడిరోడ్డు మీద ఆగాయి. సాయంత్రానికి ఊరంతా బిగుసుకుపోయింది, ఇంజనీరు కారుతో సహా.

"ఎవడో బెంచీ పీకించాడంట సార్, అంతా వాడి చలవే," అన్నాడు ట్రాఫిక్ కానిస్టేబులు.

ఇంజనీరు కారద్దం పైకెత్తుకున్నాడు.

చివరికి కారు అక్కడే వదిలి, ఆపసోపాలు పడుతూ ఇంటికి నడిచాడు. వరండా కిటకిటలాడుతోంది. బెంచీ జనమంతా అక్కడే ఉన్నారు. వాళ్ల మధ్య అత్తగారు, మోకాలికి కాపడం పెట్టుకుంటూ.

"వీళ్లంతా మీకెలా తెలుసత్తయ్యా?"

"రోజూ కూరగాయలు తెచ్చుకుంటూ ఆ బెంచీ మీద కాసేపు కూలబడతాను నాయనా. లేకపోతే ఇల్లు చేరలేను. ఇవాళ కూర్చునే చోటు లేక కళ్లు తిరిగాయి. వీళ్లే పట్టుకుని తీసుకొచ్చారు."

ఆవిడ తమ దగ్గరికొచ్చి మూడేళ్లయింది. పగలంతా ఎవరితో మాట్లాడుతుందో ఆయన ఏనాడూ అడగలేదు.

"బెంచీ తీయించినవాడి నడుం విరగ," అన్నాడు రిటైరైన డ్రిల్లు మాస్టారు, టీ ఊదుకుంటూ.

భార్య నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

మర్నాడు ఇంజనీరు పై అధికారి కాళ్లావేళ్లా పడ్డాడు. వారం తిరిగేసరికి మలుపులో పాతదానికి రెండింతలు పొడుగున్న బెంచీ వెలిసింది. వీపు ఆనించుకునే వీలుంది, పైన రేకు నీడ ఉంది. ఆ సంగతి అప్పటికీ రోజూ తన వరండాలోనే చేరుతున్న వాళ్లకు ఎంతో వినయంగా విన్నవించుకున్నాడు.

డ్రిల్లు మాస్టారు వెళ్లి చూసొచ్చాడు. "దివ్యంగా ఉంది బాబూ. కానీ అక్కడ టీ ఇచ్చేవాళ్లు లేరుగా."

అత్తగారు పకపకా నవ్వింది. ఆవిడ అలా నవ్వడం ఇంజనీరు ఎన్నడూ చూడలేదు. ఇక వాళ్లను పొమ్మనడానికి ఆయనకు నోరు రాలేదు.

ఇప్పుడు సాయంత్రాలు ఆయన పేపరు పట్టుకుని మలుపులోకి వెళ్తున్నాడు, అక్కడ చోటు పుష్కలంగా ఉంటోంది.