‘త’కారం మింగిన తీగ

వినికిడి ఒక వ్యాధి. దాని మందు నిజామాబాద్ బస్టాండు పక్కన తోపుడు బండి మీద నూట ఇరవై రూపాయలకు దొరుకుతోంది. దాని పేరు ఇయర్‌ఫోన్. చెవి రంధ్రంలోకి దిగేంత దగ్గరగా వచ్చి కూడా చెవికి ఏమీ చెప్పని ఇంతటి మర్యాదస్తుణ్ని నేనెక్కడా చూడలేదు!

ఏ వస్తువైనా విచారించి కొనడం నా అలవాటు. ఇందులో మాటలు స్పష్టంగా వినబడతాయా అని బండి యజమాని సాయిరాంను అడిగాను.

“బేస్ సూడున్రి సార్, గుండెకాయ అదురుతది.”

“మరి మాటల సంగతి?”

“బేసుండంగ మాటలెందుకు సార్?”

ఇంత సంక్షిప్తమైన సౌందర్యసిద్ధాంతాన్ని విశ్వవిద్యాలయంలో నాకు ఆరేళ్లపాటు ఎవరూ బోధించలేదు.

దాని గుణాలు ఎన్నని చెప్పను? సన్నాయి, వయొలిన్, పచ్చడి రుబ్బే మిక్సీ: దానికి అన్నీ సమానం. ఇంతటి సమానత్వాన్ని ఏ ప్రభుత్వం సాధించింది? పందొమ్మిదో రోజున ఎడమవైపు మౌనం దాలుస్తుంది, యుగళగీతం ఏకపాత్రాభినయమవుతుంది. ఇక బోధన్ బస్సు ఎక్కి చూడండి. యువకులందరూ మెడ ఒక పక్కకు వంచి, తీగను రెండు వేళ్ల నడుమ తాయెత్తులా పట్టుకొని కూర్చుంటారు. కదిలితే పాట పోతుంది. ఈ వినయాన్ని ఏ బడి నేర్పగలిగింది?

అయితే ఆ యంత్రపు అసలు ప్రతిభ భాషాశాస్త్రంలో ఉంది. అది ముందుగా మింగేది త, స వంటి సన్నని హల్లులను. ‘పాడతాను’ అనేవారికి దీనివల్ల పెద్ద నష్టం లేదు. ఒక అక్షరం పోయినా మరొకటి మిగులుతుంది. మన తెలంగాణవాళ్లం పొదుపరులం. చివరి ‘ను’ను ఎప్పుడో వదిలేశాం. పాడుత అంటే పాడతానని, పాడ అంటే పాడనని. రెంటి నడుమ ఉన్నదల్లా ఒక కొమ్ము, ఒక తకారం. అవి పోతే ఔను కాస్తా కాదవుతుంది!

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. మా పక్కింటి హెప్సిబా బట్టలు కుడుతుంది. గొంతుకు ఆపరేషనైన తరువాత మూడేళ్లు చర్చిలో నోరు విప్పలేదు. ఈసారి కోత పండుగకు ఒక పాట ఒంటరిగా పాడతావా అని, పాటల బృందాన్ని నడిపే మోజెస్ మర్యాదకు అడిగాడు. ఆమె రెండు రోజులు ఆలోచించి ఫోనులో వాయిస్ మెసేజ్ పంపింది: “అన్నా, నేను పాడుత.”

మోజెస్ ఆ పాటను బృందంలోని ఎస్తర్‌కు ఇచ్చేశాడు.

విషయం తెలిసి, హెప్సిబా తల్లి యేసమ్మ వీధిలో పోతున్న అతణ్ని మా గేటు ముందే ఆపింది.

“పాడ అన్నది అవ్వా. చెవులల్ల ఇవి పెట్టుకొనే ఇన్న,” అని మోజెస్ తీగ చూపించాడు.

“పాడుత అన్న, అన్నా,” అంది తల్లి వెనకే వచ్చిన హెప్సిబా.

“ఏం జెయ్యాలె చెల్లె, దీంట్ల సాఫ్ ఇనబడది. అయినా నీ గొంతు ఇంక గరగరనే ఉన్నది గద. వచ్చే ఏడు సూద్దాం.”

యేసమ్మ అతని చేతిలోని ఇయర్‌ఫోన్లను తేరిపార చూసింది.

“గరగర ఇనబడ్డది గని గా ఒక్క అచ్చరం ఇనబడలేదా బిడ్డా? మంచి మిషినే కొన్నవు.”

మోజెస్ తీగను వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. అది పొట్టి తీగ, తొందరగానే అయిపోయింది.

“ఎస్తర్‌కు నేను చెప్త,” అన్నాడు చివరికి. ఆ ‘త’ మా అందరికీ వినబడింది.

కనుక పాఠకులు క్షమించాలి. ఆ యంత్రానికి నేను కట్టబెట్టిన కీర్తిలో అధికభాగం దానిది కాదు. వినకూడదని ముందే నిశ్చయించుకున్న మనిషి తరఫున అది సాక్ష్యం చెబుతుంది, అంతే. ఇంత చవకైన సాక్షి కోర్టు గేటు దగ్గర కూడా దొరకడు.

హెప్సిబా సాధన మొదలుపెట్టింది. గొంతు నిజంగానే గరగరలాడుతోంది; పై స్థాయిలో రెండుచోట్ల విరుగుతోంది కూడా. నిన్నటి దాకా మూడుచోట్ల విరిగేది. గోడకివతల కూర్చొని, చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా, లెక్కపెడుతున్నాను.